లిఫ్టు తలుపులను ఏటా తనిఖీ చేయించండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్, ఏప్రిల్ 2025

గౌరవనీయులైన ఉప ముఖ్యమంత్రి, ఇంధన శాఖ మంత్రి శ్రీ మల్లు భట్టి విక్రమార్క గారికి నమస్కారాలు.

ఫిబ్రవరి 21న మాసబ్‌ట్యాంక్ శాంతినగర్‌లో ఆరేళ్ల బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు. మర్నాడు నిలోఫర్ ఆస్పత్రిలో ప్రాణం పోయింది. నెల తిరక్కుండానే మెహదీపట్నం దగ్గర సంతోష్‌నగర్ కాలనీలో ఒక వాచ్‌మన్ కొడుకు, నాలుగున్నరేళ్ల పిల్లాడు, లిఫ్టు గ్రిల్ తలుపుల మధ్య నలిగి చనిపోయాడు. అదే మార్చిలో సిరిసిల్లలో బెటాలియన్ కమాండెంట్ ఒకరు తలుపు తెరుచుకుంది కదా అని అడుగు వేశారు. అక్కడ లిఫ్టు లేదు. కిందికి పడి చనిపోయారు.

లిఫ్టు అనగానే మనందరి భయం తాడు తెగుతుందేమో అని. ఈ మూడు ప్రాణాలూ పోయింది తలుపు దగ్గర. అందుకే ఈ లేఖలో తలుపు గురించే రాస్తున్నాను. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కార్యదర్శిని. లిఫ్టు ఆగిపోతే అందరూ ముందు ఫోన్ చేసేది నాకే.

ఇప్పటి ఆటోమేటిక్ లిఫ్టుల్లో తలుపు అంచులకి రెండు పక్కలా సన్నటి నల్లటి పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వరసగా వెళ్తుంటాయి. మెకానిక్‌లు దాన్ని కర్టెన్ అంటారు. మధ్యలో చెయ్యో, కాలో, పిల్లాడి తలో అడ్డం వస్తే తలుపు తగలకముందే వెనక్కి వెళ్లిపోవాలి. పాత లిఫ్టుల్లో మోకాలి దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, రెండే కిరణాలు ఉండేవి. పాకే పిల్లాడు వాటి కింద నుంచి వెళ్లిపోతే లిఫ్టుకి తెలిసేదే కాదు. ఈఎన్ 81-20 అనే యూరప్ ప్రమాణం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. గడప మీద 25 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 1600 మిల్లీమీటర్ల దాకా ఎక్కడ అడ్డం వచ్చినా సెన్సర్ పట్టుకోవాలి, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న వస్తువుని కూడా వదలకూడదు అంటుంది. సెన్సర్ పాడైతే తలుపు బాగా నెమ్మదిగా, శబ్దం చేస్తూ మూసుకోవాలనీ అంటుంది. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ కూడా 2022లో ఐఎస్ 17900 పేరుతో లిఫ్టులకి కొత్త ప్రమాణం తెచ్చింది. రాసుకోవడంలో మనం వెనకబడి లేము. వెనకబడింది చూసుకోవడంలో.

మా బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను. నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు మూసుకోబోయి మళ్లీ మళ్లీ తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కంపెనీ మెకానిక్ వచ్చి కర్టెన్‌ని గుడ్డతో తుడిచాడు, గడప గాడిలో దుమ్ము తీశాడు. లాభం లేకపోయింది. క్యాబిన్ పైకెక్కి ఏదో చేసి దిగాక, తలుపు చక్కగా మూసుకుంది. "ఇప్పుడు ప్రాబ్లం లేదు సార్" అన్నాడు. నాకు అనుమానం వచ్చి, మూసుకుంటున్న తలుపు మధ్య చీపురు అడ్డం పెట్టాను. తలుపు చీపురుని నొక్కేదాకా ఆగలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, కర్టెన్ పాడైందని, దాని సిగ్నల్ వచ్చే చోట వైరు ముక్క కలిపేశానని.

అయ్యా, ఆ వైరు ముక్క చేసే పని కాస్త ఆలోచించండి. సెన్సర్ పాడైందని లిఫ్టుకి తెలిస్తే తలుపుని నెమ్మదిగా, శబ్దంతో మూసే ఏర్పాటు ఉంటుంది. వైరు కలిపేస్తే సెన్సర్ బాగానే ఉందని, దారిలో ఎవరూ లేరని లిఫ్టు నమ్మేస్తుంది. తలుపు మామూలు వేగంతో మూసుకుంటుంది. తలుపు నొక్కే బలం 150 న్యూటన్లు దాటకూడదని నియమం, అంటే దాదాపు 15 కిలోల బరువు మీద పడ్డట్టు. నాలాంటి వాడు భుజంతో తోసేసుకుని వెళ్లిపోతాడు. వాకర్ పట్టుకుని అడుగులో అడుగు వేసే ముసలావిడ అలా తోసుకోగలదా? కింద పడి తుంటి విరిగితే ఆ వయసులో మళ్లీ లేవడం ఎంత కష్టమో ప్రతి ఇంట్లోనూ తెలుసు.

ఆ మెకానిక్ కుర్రాడిని నేను తప్పు పట్టను. రోజుకి ఎన్నో బిల్డింగులు తిరగాలి, లిఫ్టు ఆగిందంటే జనం తిడతారు. మేం తీసుకున్న ఏఎంసీలో విడిభాగాలు కలవవు, కొత్త కర్టెన్ కొనాలంటే అసోసియేషనే డబ్బు పెట్టాలి. మీటింగ్ పెట్టాలి, వసూలు చేయాలి. అంతవరకు వైరు ముక్కతో నడిపించేద్దాం అనుకోవడం అందరికీ సులువు. కొత్తది వచ్చేదాకా మా లిఫ్టు ఆపించాను. పై అంతస్తుల పెద్దవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు, నా మీద కోపాలూ వచ్చాయి. కానీ ప్రతి బిల్డింగ్‌లోనూ ఎవరో ఒకరు చీపురు పట్టుకుని పరీక్షిస్తారని రాష్ట్రం ఆశపడి కూర్చోకూడదు కదా.

తమిళనాడు 1997లోనే లిఫ్టుల చట్టం చేసుకుంది. కేరళ 2013లో, ఉత్తరప్రదేశ్ 2024లో చేసుకున్నాయి. ఇన్ని వేల అపార్ట్‌మెంట్లు లేచిన మన రాష్ట్రంలో ఈ లేఖ రాసేనాటికి అలాంటి చట్టం లేదు. మీ శాఖలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఉంది, ఈ పని తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు. చట్టం తెండి. అందులో ఏడాదికోసారి తనిఖీ తప్పనిసరి చేయండి, ఆ తనిఖీ ఏఎంసీ కంపెనీ తనకి తానే చేసుకునేది కాకూడదు. తలుపు సెన్సర్ పరీక్షకి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు ముక్కని చీలమండ ఎత్తులో, మోకాలి ఎత్తులో, ఛాతీ ఎత్తులో పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. తేదీ, ఫలితం రాసిన కాగితం లిఫ్టు లోపలే అతికించాలి. సెన్సర్‌ని వైరుతో కలిపేసి లిఫ్టు నడపడాన్ని నేరంగా రాయండి, ఆ బాధ్యత మెకానిక్ మీద కాక కంపెనీ మీద, మాలాంటి అసోసియేషన్ల మీద పెట్టండి.

గ్రిల్ గేటు లిఫ్టుల సంగతి వేరు, ఇంకా తీవ్రమైనది. కర్టెన్ ఆటోమేటిక్ తలుపు కోసం చేసిన వస్తువు. గ్రిల్ లిఫ్టులో బయటి గేటు, లోపలి గేటు రెండూ పడితే చాలు, లిఫ్టు కదులుతుంది. ఆ రెండు గేట్ల మధ్య సందులో చిన్న పిల్లాడు నిలబడి ఉన్నాడా లేదా అని చూసేది ఏదీ లేదు. పై అంతస్తులో ఎవరో బటన్ నొక్కుతారు, అంతే. ఇలాంటి లిఫ్టులు పాత నాలుగైదంతస్తుల బిల్డింగుల్లో, హాస్టళ్లలో, చిన్న నర్సింగ్ హోముల్లో ఉన్నాయి. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లోనే కాపురం ఉంటుంది. తల్లి ఇళ్లలో పనికి వెళ్తే పిల్లలు ఆడుకునే చోటు లిఫ్టు ముందే. ఆ కుటుంబానికి అసోసియేషన్ మీటింగులో ఓటు లేదు, లిఫ్టు మార్చమని అడిగే నోరూ లేదు. వాళ్ల తరఫున అడగాల్సింది ప్రభుత్వమే. గ్రిల్ లిఫ్టులన్నిటినీ ముందు లెక్క తీయించండి. ఆటోమేటిక్ తలుపులకి మారడానికి గడువు పెట్టండి, ఖర్చు భరించలేని చిన్న బిల్డింగులకి తక్కువ వడ్డీకి రుణం ఇప్పించండి. మారేలోపు ఆ సందులో పిల్లలు పట్టకుండా రేకు కొట్టించి మూయించండి.

చట్టానికి టైం పడుతుందని తెలుసు. లెక్క తీయడానికి, సెన్సర్ పరీక్షలు మొదలుపెట్టడానికి మాత్రం మీ ఆదేశం ఒక్కటి చాలని నా నమ్మకం. తనిఖీ మా బిల్డింగ్‌తోనే మొదలుపెడతామంటే తాళాలు, ఏఎంసీ కాగితాలు పట్టుకుని నేనే కింద నిలబడతాను.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి,
హైదరాబాద్