పాపులిజం అంటే ఉచిత పథకాలేనా?

సంపాదకుడికి,

వలసల మీద ఏ దేశంలో రగడ జరిగినా జాతీయవాదం, పాపులిజం, నేటివిజం అనే మూడు మాటల్ని పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాయి. పాపులిజాన్ని ‘ప్రజాకర్షక విధానం’ అని రాస్తే చదివేవాళ్లకు ఉచిత పథకాలే గుర్తొస్తాయి. ఇక నేటివిజం అంటే నేటివిటీ గుర్తొస్తుంది, అది మనకు సినిమా మాటే, అదొక తంటా.

మన దేశాన్ని మనమే ఏలుకోవాలనేది జాతీయవాదం. మంచివాళ్లయిన జనాన్ని పైనున్న కొద్దిమంది మోసం చేస్తున్నారనేది పాపులిజం. ఇక్కడ పుట్టినవాళ్లదే హక్కు, తర్వాత వచ్చినవాళ్లు ముప్పు అనేది నేటివిజం. మూడూ కలిసే ఉండాలని లేదు. 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై రెఫరెండం జరిగినప్పుడు ఓటుకు నివాసమే ఆధారం. అక్కడ ఉంటున్న ఐరోపా సమాఖ్య పౌరులు ఓటేశారు. స్కాట్లాండ్‌లోనే పుట్టి లండన్‌లో స్థిరపడ్డవాళ్లకు ఓటు లేదు! అంటే అక్కడ జాతీయవాదం ఉంది, ఓటుకు పుట్టుకను చూసే నేటివిజం లేదు. అదే ఏడాది స్పెయిన్‌లో పుట్టిన పొదేమోస్ పక్కా పాపులిస్టు పార్టీయే, కానీ దాని కోపం నాయకుల మీద, డబ్బున్నవాళ్ల మీద. వలసవచ్చినవాళ్ల జోలికి పోలేదు.

అసలు నేటివిజం చూడాలంటే 1850ల అమెరికాకు వెళ్లాలి. ‘నో నథింగ్’ పార్టీ ఐరిష్, జర్మన్ క్యాథలిక్కులపై విరుచుకుపడింది. పౌరసత్వానికి 21 ఏళ్ల నివాసం ఉండాలంది. 1856 అధ్యక్ష ఎన్నికల్లో దాని అభ్యర్థి ఫిల్‌మోర్‌కు అయిదో వంతుకు పైగా ఓట్లు పడ్డాయి, గెలిచింది మాత్రం మేరీలాండ్ రాష్ట్రం ఒక్కటే. మొదట్లో ఆ పార్టీ పేరు ‘నేటివ్ అమెరికన్’. ఆ నేటివుల లెక్కలో ఆ నేల ఆదివాసులు లేరు. ఎవరు స్థానికులో తేల్చేది పుట్టుక కూడా కాదన్నమాట, తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే.

కూలి పడిపోతుందని, ఇల్లు దొరకదని పనివాళ్లు భయపడటం తప్పు కాదు. ఆ మాట అడగాల్సింది యజమానిని, ప్రభుత్వాన్ని. నేటివిస్టు నాయకుడు ఆ కోపాన్ని పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ల మీదికి తిప్పుతాడు. ‘పైవాళ్లే వీళ్లను తెచ్చిపెట్టారు’ అనే పాపులిస్టు మాట ఒకటి అరువు తెచ్చుకుంటాడు. పైన దేశభక్తి కప్పుకుంటాడు. పత్రిక కూడా అతన్ని జాతీయవాది అనే రాస్తే ఆ కప్పు ఇంకా గట్టిపడుతుంది.

వలసలకు పరిమితి పెట్టమన్న ప్రతివాళ్లనీ నేటివిస్టులనమని నేననను. పుట్టుకను బట్టి హక్కులు తగ్గించమన్నప్పుడైనా ఆ మాట వాడండి.

– ఒక పాఠకురాలు