ఇమ్యూనిటీ పెంచుకోమంటే నాకు భయం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఇమ్యూనిటీ పెంచే వంటింటి చిట్కాలు వేశారు. మధ్యాహ్నానికల్లా మా చిన్నమ్మ ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. 'నీకే పనికొస్తుందే, తిప్పతీగ కషాయం మొదలుపెట్టు' అని కింద రాసింది. ఆమె ప్రేమకు వంక పెట్టను. కానీ నాకున్నది లూపస్. ఇమ్యూనిటీ తగ్గి వచ్చిన జబ్బు కాదిది, అది అదుపు తప్పి నా కీళ్ల మీదికీ కిడ్నీల మీదికీ వచ్చిన జబ్బు. దాన్ని ఇంకా పెంచుకోమంటే నేనేం కావాలి?

నేను ఖమ్మం దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కాబట్టి కాస్త పాఠంలా సాగినా భరించండి.

సూక్ష్మజీవులను పట్టుకునే ప్రొటీన్లే యాంటీబాడీలు. ఒంట్లో వాటికి మూలం బి కణాలనే తెల్ల రక్తకణాలు. ఎముక మజ్జలో ఇవి రోజూ కొత్తగా పుడుతుంటాయి. వాటిలో కొన్ని మన సొంత డీఎన్‌ఏనే శత్రువుగా చూస్తాయి. జబ్బు ఉన్నవాళ్లలోనే కాదు, అందరిలోనూ ఇంతే. చాలావాటిని శరీరం మజ్జలోనే ఏరిపారేస్తుంది. తప్పించుకుని బయటికొచ్చిన వాటికి ఇంకో గండం ఉంది. బి కణం బతికి ఉండాలంటే దానికి బాఫ్ అనే సైటోకైన్ అందుతూ ఉండాలి. సైటోకైన్ అంటే ఒక కణం విడుదల చేసే చిన్న ప్రొటీన్, మరో కణానికి అదే కబురు. ఆ కబురు అందుకోవడానికి బి కణం పైన తగిన రిసెప్టర్ ఉంటుంది. బాఫ్‌కు అలాంటివి మూడు: బాఫ్-ఆర్, టాసీ, బీసీఎంఏ. రక్తంలో తిరిగే మామూలు బి కణాన్ని నిలబెట్టేది ముఖ్యంగా మొదటిదే.

అసలు సంగతి ఇక్కడుంది. బాఫ్ రేషన్ బియ్యం లాంటిది, కొలిచినట్టే వస్తుంది. సొంత ఒంటి మీద గురిపెట్టిన కణాలు బతకాలంటే మిగతావాటి కంటే ఎక్కువ బాఫ్ కావాలి. కొలత ప్రకారం ఉన్నన్నాళ్లు అవి పోటీకి నిలవలేక చస్తాయి. కొలత మించితే అవీ బతికేస్తాయి. బాఫ్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువు మార్చిన ఎలుకలకు లూపస్ లాంటి జబ్బు వచ్చిందని 1999లోనే తేలింది. లూపస్ ఉన్న చాలామంది రక్తంలోనూ బాఫ్ ఎక్కువగానే కనబడుతుంది. బి కణాలను చంపే రిటుక్సిమాబ్ ఎక్కిస్తే రక్తంలో బాఫ్ పెరుగుతుంది కూడా. తీసుకునేవాళ్లు లేకపోతే సరుకు మిగలదా మరి!

ఈ బాఫ్‌ను పట్టి ఆపే మందు బెలిముమాబ్. 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. లూపస్ కోసం అలా కొత్త మందు రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. ధర మాత్రం నాలాంటి జీతగాళ్లు అడగడానికే జంకేలా ఉంటుంది. అలాగని కబురు ఆపడం కూడా ఆషామాషీ కాదు. బాఫ్‌నూ, దాని తోబుట్టువు లాంటి ఏప్రిల్ అనే సైటోకైన్‌నూ కలిపి అడ్డుకునే అటాసిసెప్ట్ అనే మందును మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఇమ్యూనిటీ మెదడు, వెన్నుపాము మీద పడే జబ్బు) ఉన్నవాళ్లకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. 2009లో ఆ పరీక్ష ఆపేయాల్సి వచ్చింది.

కబుర్లు బాఫ్ ఒక్కటే కాదు. ఇంటర్‌ల్యూకిన్-4 అనే మరో సైటోకైన్ అందిన బి కణం ఐజీఈ రకం యాంటీబాడీ వైపు మళ్లుతుంది. దుమ్ము పడగానే తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లలో చాలామందికి బాధ పెట్టేది ఆ ఐజీఈనే. మీ చిట్కాలు పెంచేది ఏ యాంటీబాడీని? మా తరగతిలో ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని తిరిగే పిల్లాడికి ఐజీఈ పెంచుదామా? ఇంకోవైపు, కొందరు మగపిల్లలు కామన్ గామా చైన్ అనే రిసెప్టర్ భాగం లోపంతో పుడతారు. ఒంట్లో బి కణాలు ఉంటాయి, కానీ ఇంటర్‌ల్యూకిన్-21 లాంటి కబుర్లు వాటికి చేరవు. బి కణాలకు సాయం చేయాల్సిన టి కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలూ ఉండవు. ఆ పిల్లలకు కావాల్సింది మూలకణాల మార్పిడో జన్యు చికిత్సో, కషాయం కాదు.

తిప్పతీగ మాట ఎలాగూ వచ్చింది. కోవిడ్ కాలంలో అది వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి సంగతి ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను, అంటే ఇమ్యూనిటీ సొంత కాలేయం మీదే పడే జబ్బును పోలిన లక్షణాలు వాళ్లలో కనిపించాయి. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఇంకొన్ని ఆసుపత్రుల నుంచీ అలాంటి కేసులే వచ్చాయి. మీ వ్యాసంలో ఈ గొడవ ప్రస్తావనే లేదు.

అప్పటి అనుభవం ఇంకొకటి చెప్పాలి. 2020 మార్చిలో కోవిడ్‌కు పనిచేస్తుందన్న మాట పాకగానే జనం హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగబడి కొన్నారు. లూపస్ ఉన్న మాలాంటివాళ్లం రోజూ మింగే మాత్ర అది. మా ఆయన చీటీ పట్టుకుని ఊళ్లో మందుల షాపులన్నీ తిరిగినా స్టాకు లేదన్నారు. ఇంటర్‌ఫెరాన్ అనే ఇంకో సైటోకైన్ పుట్టుకను తగ్గించే మాత్ర అది. ఇంటర్‌ఫెరాన్ పెరిగితే బాఫ్ పెరుగుతుంది. అంటే, మాలో ఇమ్యూనిటీని దించే మందును జనం ఇమ్యూనిటీ కోసం దాచుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని టెన్షన్ అది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పసుపు పాలు, మిరియాల చారు రాయండి, నేనూ తాగుతాను. కషాయాలూ పొడులూ రోజూ మందులా వాడమని రాసినప్పుడు మాత్రం, లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటివి ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దని వ్యాసం అక్షరాల సైజులోనే ఒక వాక్యం వేయండి. మూలలో చీమ తలకాయంత అక్షరాల్లో వద్దు. నిజంగానే ఏదో ఒకటి పెంచాలని ఉంటే పెద్దవాళ్ల టీకాల పట్టిక అచ్చు వేయండి. టీకా అయితే ఫలానా సూక్ష్మజీవిని గుర్తుపట్టే బి కణాలనే నిద్రలేపుతుంది. మా డాక్టర్ నాకు ఏటా ఫ్లూ టీకా వేయిస్తారు. ఆ టీకా గురించి మీ పేజీలో ఒక్కసారైనా చదివిన గుర్తు నాకు లేదు.

- ఒక జీవశాస్త్రం టీచర్, ఖమ్మం జిల్లా