ఖగోళ సంఘానికి ముందుగా కావలసింది పెద్ద టెలిస్కోపు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఔత్సాహిక ఖగోళ సంఘాలను ప్రోత్సహించాలంటూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివి సంతోషించాను. అయితే, కొత్తగా సంఘం పెట్టదలచినవారు మొదట విరాళాలు పోగుచేసి వీలైనంత పెద్ద టెలిస్కోపు కొనుక్కోవాలని అందులో చేసిన సూచనతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. పద్నాలుగేళ్లుగా అటువంటి ఒక సంఘానికి కార్యదర్శిగా ఉంటూ, సరిగ్గా ఆ సలహానే పాటించి ఒకసారి సంఘాన్ని మూతవేసుకునేదాకా తెచ్చుకున్నవాణ్ణి గనుక, ఈ విషయం రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను.

మా సంఘం మొదలైన రెండో ఏడాదిలోనే చేతిలో ఉన్న నిధి మొత్తం వెచ్చించి 12 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు కొన్నాం. దాన్ని గదిలోంచి ఆరుబయటికి తేవడానికి దృఢకాయులు ఇద్దరు కావాలి. తెచ్చాక అద్దం బయటి గాలితో సమానంగా చల్లబడేదాకా అరగంటో ముప్పావుగంటో ఆగాలి; ఆగకపోతే గురుగ్రహం నీళ్ల అడుగున పడ్డ నాణెంలా వణుకుతూ కనిపిస్తుంది. మోసినప్పుడల్లా అద్దాల అమరిక కొద్దిగా చెదురుతుంది గనుక ప్రతిసారీ సరిచూసుకోవాలి. ఆ పని మాలో ఒక్కరికే వచ్చు. ఆయన ఉద్యోగరీత్యా వేరే ఊరికి బదిలీ అయ్యారు. గది తాళంచెవి ఉన్న సభ్యుడు రాత్రిపూట రాలేనన్నారు. అంత ఖరీదైన వస్తువును తెలియక తాకి పాడుచేస్తామేమోనని మిగిలినవాళ్లం వెనకాడాం. పద్దెనిమిది నెలలపాటు ఒక్క పరిశీలన కూడా జరగలేదు. చివరికి తెరిచి చూస్తే అద్దం మీద బూజు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు మా దగ్గర ఉన్నవి రెండు బైనాక్యులర్లు, ఒక చిన్న టెలిస్కోపు, నలుగురు మనుషులు. ఈసారి కొనుగోళ్ల సంగతి పక్కనపెట్టి తేదీలు ఖాయం చేసుకున్నాం. శుక్లపక్ష అష్టమికి దగ్గరగా వచ్చే శనివారం అందరికీ, అమావాస్యకు దగ్గరగా వచ్చే శనివారం సభ్యులకు. చాలామంది నిర్వాహకులు చంద్రుణ్ణి చూపించడానికి పౌర్ణమిని ఎంచుకుంటారు. అది పొరపాటు. పౌర్ణమి నాడు వెలుగు నేరుగా పడటం వల్ల నీడలు ఉండవు, చంద్రబింబం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. అష్టమి నాడైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి బిలాల అంచులు, కొండల నీడలు పొడుగ్గా సాగి, మొదటిసారి చూసినవారు కంటికటకం దగ్గరనుంచి ఒక పట్టాన కదలరు. అమావాస్య రాత్రులు వేరు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కరు సెల్‌ఫోన్ వెలిగించినా చుట్టూ ఉన్నవారందరి నిరీక్షణ వృథా అవుతుంది. అందుకే ఆ రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్ప వేరే దీపం వాడనివ్వం. ఈ నియమం వద్ద మొహమాటపడితే కుదరదు.

జనం వచ్చిన రాత్రి ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంఘాలు నిలిచేదీ చెడేదీ అక్కడే. నూరు రెట్లు పెద్దది చేసి చూపే కటకంలో సాధారణంగా అర డిగ్రీ ఆకాశమే కనిపిస్తుంది. భూభ్రమణం వల్ల ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది గనుక, మోటారు లేని టెలిస్కోపులో ఒక అంచున కనిపించిన శనిగ్రహం రెండో అంచు దాటిపోవడానికి రెండు నిమిషాలు చాలు. రెండు వందల రెట్లు చేస్తే నిమిషమే. అంటే వరుసలో ఒకరిద్దరు చూసి వెళ్లేసరికి గురి మళ్లీ సరిచేయాలి. అలా సరిచేసే మనిషి రాత్రంతా ఆ పక్కనే నిలబడాలి. పెద్దగా చూపించాలన్న ఉత్సాహంతో రెట్లు పెంచేవారిని నేను ఎన్నోసార్లు వారించవలసి వచ్చింది. పిల్లలు కంటికటకాన్ని గట్టిగా పట్టుకుంటారు, అది వారి తప్పు కాదు; పట్టుకోవడానికి వీలుగా ఎదురుగా ఒక నిచ్చెన వేసి ఉంచితే ఆ ఇబ్బంది పోతుంది. ఇక అంతరిక్ష నౌకలు తీసిన ఫొటోలు చూసి వచ్చిన పెద్దలు శనిని చూసి “ఇంతేనా?” అంటారు. చూశాక సంజాయిషీ ఇచ్చుకునే కన్నా, చూడకముందే ఆ బింబం ఎంత చిన్నదో, ఆ వెలుగు శని నుంచి బయల్దేరి మన కంటిని చేరడానికి గంటకు పైగా ఎలా పట్టిందో చెప్పి పంపితే, ఆ చిన్న బింబాన్నే శ్రద్ధగా చూస్తారు. జాతకాల గురించి అడిగేవారూ ఉంటారు. వారితో వాదానికి దిగకుండా, జన్మనక్షత్రం రోహిణి అన్నవారికి రోహిణినీ, స్వాతి అన్నవారికి స్వాతినీ ఆకాశంలో చూపిస్తే, తమ నక్షత్రాన్ని కళ్లారా చూడటం అదే మొదటిసారని చాలామంది ఆశ్చర్యపోతారు.

వీటిలో దేనికీ పెద్ద టెలిస్కోపు అక్కరలేదు. నలుగురైదుగురు ఓపికగల మనుషులు కావాలి, వారు ఒకరి పని మరొకరు నేర్చుకుని ఉండాలి. డాబ్సన్ మాటేమిటని అడగవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత ఆశ్రమంలో సన్యాసిగా ఉండి, ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసుకున్న జాన్ డాబ్సన్, 1968 నుంచి తన సహచరులతో కలిసి పెద్ద పెద్ద టెలిస్కోపులనే కాలిబాటల మీదికి తెచ్చి దారినపోయేవారికి ఆకాశం చూపించిన మాట నిజమే. కానీ అవి ఆయన చేతులతో చేసినవి, ఏది చెడినా ఆయనే బాగుచేసుకోగలరు, పక్కన ఆయనే నిలబడేవారు. మేము కొన్నదానికి ఆ మూడూ లేవు.

ఉన్న పరికరాలనైనా గదిలో దాచకుండా సభ్యులకు వాడుకుని తిరిగిచ్చేలా ఎరువిచ్చే పద్ధతి పెట్టాక మా సంఘంలో అసలైన మార్పు వచ్చింది. ఒక పుస్తకం, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, సంతకం, అంతే. ఖగోళ సంఘాల చరిత్రలో ఎరువు తెచ్చుకున్న పరికరం సాధించినవి తక్కువేమీ కావు. నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ కలెక్టరేటు ఖజానాలో గుమాస్తాగా పనిచేసిన రాధాగోవింద చంద్రకు, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను గమనించే అమెరికా పరిశీలకుల సంఘం, 1926లో ఆరంగుళాల టెలిస్కోపును సముద్రాలు దాటించి పంపింది. ఆయన జీవితకాలంలో 37 వేలకు పైగా పరిశీలనలు నమోదు చేశారు; తర్వాత ఆ టెలిస్కోపు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు చేతికి వెళ్లింది. 1995 జులైలో హేల్-బాప్ తోకచుక్కను కనిపెట్టిన ఇద్దరిలో థామస్ బాప్‌కు సొంత టెలిస్కోపు లేదు. ఆ రాత్రి ఆయన మిత్రుల టెలిస్కోపులోంచి ధనుస్సులోని ఒక నక్షత్రగుచ్ఛాన్ని చూస్తూ, పక్కన మసకగా ఉన్న మరో మచ్చను గమనించారు; అదే ఆ తోకచుక్క.

అసలు పరికరమే లేకుండా చేయగలిగిన పని కూడా ఉంది. అల్గాల్ అనే నక్షత్రం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి కొన్ని గంటలపాటు మసకబారి, తన వెలుగులో సుమారు మూడో వంతుకు పడిపోయి, మళ్లీ కోలుకుంటుంది. ఈ క్రమాన్ని 1782లో పట్టుకున్న జాన్ గుడ్‌రిక్ 18 ఏళ్ల బధిర యువకుడు, వాడినది వట్టి కన్ను. పక్క నక్షత్రాలతో పోల్చి, ఇది దానికన్నా ఎక్కువ, దీనికన్నా తక్కువ అని రాసుకోవడమే పద్ధతి. మా సభ్యుల్లో ఒక గృహిణి మూడేళ్లుగా మేడ మీద నుంచి ఇదే చేస్తున్నారు. 2019 చివర ఆర్ద్ర నక్షత్రం వెలుగు తగ్గడం మొదలైనప్పుడు, ఎక్కడా చదవకముందే మా సంఘంలో ఇద్దరు దాన్ని గుర్తించారన్నది మాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

నిధులు అసలే వద్దని నా ఉద్దేశం కాదు. సూర్యుణ్ణి చూపించదలచిన సంఘం మాత్రం మొదటి డబ్బు సరైన సూర్యవడపోత మీద పెట్టాలి. అది టెలిస్కోపు ముందు భాగాన బిగించేదై ఉండాలి. కంటికటకం వైపు తగిలించే పాతకాలపు వడపోతలు వేడికి పగిలి, క్షణంలో కంటిచూపు పోయే ప్రమాదం ఉంది. గురి చూసుకునే చిన్న దుర్భిణికి కూడా మూత వేయాలి. జనం ఉన్నంతసేపు ఒక మనిషి అక్కడినుంచి కదలకూడదు.

చివరగా మీకొక విన్నపం. గ్రహణాలప్పుడూ తోకచుక్కలప్పుడూ మాత్రమే మా వంటి సంఘాల పేర్లు పత్రికలకు గుర్తుకొస్తాయి, ఆ రోజు వందలమంది వస్తారు, మరుసటి నెల పదిమందే ఉంటారు. దానికి బదులు, మామూలు నెలల్లో సంఘాలు పెట్టుకునే పరిశీలన తేదీలను మీ స్థానిక కార్యక్రమాల శీర్షికలో నాలుగు పంక్తుల్లో ప్రకటించగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు. ప్రకటనలో టెలిస్కోపు లేనివారు కూడా రావచ్చన్న ముక్క తప్పకుండా చేర్చండి. మాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా అడిగేది అదే.

భవదీయుడు,
ఒక ఔత్సాహిక ఖగోళ సంఘం కార్యదర్శి