పొడుగు డబ్బాలు వెనక్కి తీసుకుంటున్నాం

మహబూబ్‌నగర్‌లోని మా షాపులో టరాంటులా (పెద్ద నూగు సాలీడు) పెంచేవాళ్లకు ఇన్నాళ్లూ అమ్మిన 30 సెంటీమీటర్ల ఎత్తు డబ్బా, ఆ ఇనుప జాలీ మూతది, నేల మీద తిరిగే సాలీడుకు పనికిరాదు. తప్పు మాదే. అక్వేరియంలు అమ్మే అలవాటుతో చూడ్డానికి బాగున్నదే తెప్పించాం. తెచ్చివ్వండి, 20 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి మూత డబ్బా ఇస్తాం. బిల్లు లేకున్నా పర్వాలేదు, పైన డబ్బులు అడగం.

టరాంటులా రాత్రిపూట గోడలెక్కుతుంది. దాని పొట్ట పల్చటి తోలు సంచి లాంటిది. అడుగు ఎత్తు నుంచి నీళ్ల గిన్నె అంచు మీద పడిందంటే చీలిపోతుంది. జాలీ మూతతో ఇంకో తంటా: కాలి చివర సన్నటి గోళ్లు కన్నాల్లో ఇరుక్కుని తలకిందులుగా వేలాడుతుంది, గుంజుకుంటే కాలు ఊడుతుంది. కాలైతే తర్వాత కుబుసాల్లో మళ్లీ వస్తుంది, పొట్ట పగిలితే మాత్రం కష్టం. చిన్న చీలికైతే వంటింట్లో ఉండే కార్న్‌ఫ్లోర్ మెత్తటి బ్రష్‌తో అద్దండి, కారడం ఆగొచ్చు.

అచ్చంపేట, దేవరకొండ నుంచి ఇంతదూరం రాలేనివాళ్లు పాత డబ్బానే సరిచేసుకోవచ్చు. అడుగున పరిచే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పైనుంచి మూత దాకా ఖాళీ, సాలీడు కాళ్లు చాచిన కొలతకు ఒకటిన్నర రెట్లు దాటొద్దు. 12 సెంటీమీటర్ల సాలీడైతే 18. అంటే అడుగున 12 సెంటీమీటర్లు నింపాలి. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక మూడు లీటర్ల నీళ్లలో నానితే సుమారు ఎనిమిది లీటర్లవుతుంది, కానీ నొక్కి నింపితే తగ్గుతుంది, రెండు తీసుకోండి. పిడికిట్లో పిండితే చుక్క రాకూడదు. జాలీ తీసేసి యాక్రిలిక్ షీటు బిగించి, ఎదురెదురు గోడలకు 3 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టండి. పిల్ల సాలీడైతే కన్నం దాని తల కంటే చిన్నదుండాలి, లేకుంటే తెల్లారేసరికి మంచం కింద వెతుక్కోవాల్సిందే. చెట్టు సాలీళ్లున్నవాళ్లకు పొడుగు డబ్బానే సరైనది, మూత ఒక్కటి మార్చుకుంటే చాలు.

కోకోపీట్ మిగుల్చుకుందామని పత్తి చేను మన్ను కలపకండి. మందు కొట్టిన నేల అది. చేలో పట్టిన మిడతలు, ఇంట్లో దొరికిన బొద్దింకలు మేతగా వేయడం కూడా అంతే. దోమల లిక్విడ్‌లో ఉండే ట్రాన్స్‌ఫ్లుత్రిన్ పురుగులనూ సాలీళ్లనూ తేడా చూడదు, అదే గదిలో పెట్టకండి.

ఎండలు ముదిరితే పాలమూరులో 42 మామూలే. 24 నుంచి 30 డిగ్రీలు సాలీడుకు హాయి, 35 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. వేడిగా ఉందని రోజుకు రెండుసార్లు స్ప్రే కొట్టేవాళ్లే ఎక్కువ. దాంతో చల్లబడదు, గాలాడని డబ్బాలో బూజు పట్టి పేలలాంటి సన్న పురుగులు లేస్తాయి. నీళ్ల గిన్నె నిండుగా ఉంచండి, స్పాంజి వద్దు. స్లాబు కింది గదిలోంచి, రేకుల గదిలోంచి డబ్బాను కింది అంతస్తు నేల మీదికి దించండి. వెడల్పు మట్టి తొట్టిలో పెట్టి, తొట్టి బయట తడి గోనెసంచి చుట్టినా వేడి తగ్గుతుంది.

“అన్నా, ఎల్లకిలా పడుంది, సచ్చిపోయింది” అని ఫోన్లొస్తాయి. చావలేదు, కుబుసం విడుస్తోంది. దాని కాళ్లు చాచుకునేది లోపలి ద్రవం ఒత్తిడితో, అందుకే చచ్చేటప్పుడు, నీళ్లు చాలనప్పుడు కాళ్లు కిందికి ముడుచుకుపోతాయి. వెల్లకిలా ఉన్నదాన్ని తిప్పకండి, ఊదకండి. లోపల మేతకు వేసిన క్రికెట్ పురుగు (కీచురాయి) ఉంటే మాత్రం తీసేయండి, మెత్తగా ఉన్నప్పుడు అదే సాలీడును కొరుకుతుంది. కొత్త కోరలు తెల్లగా ఉంటాయి, ఎర్రబడి నల్లబడేదాకా మేత వద్దు. పెద్దదానికి వారం పది రోజులు ఆగండి. మామూలప్పుడు కూడా వారానికి పొట్టకంటే చిన్నవి రెండు క్రికెట్లు చాలు. మా గల్లాకు నష్టమే, అయినా నిజం అదే.

సాలీళ్లను మేం అమ్మం. అమ్రాబాద్ అడవిలోంచి పట్టుకొస్తే కొంటారా అని అడిగేవాళ్లకు కూడా ఇదే జవాబు. అది టైగర్ రిజర్వ్, పట్టడం నేరం. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికి, 1899లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన నీలి సాలీడు అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి, ఇప్పుడది అంతరించే అంచున ఉంది. పైగా ఇలాంటి మన చెట్టు సాలీళ్లు కరిస్తే కండరాల పట్లు రోజుల తరబడి ఉంటాయి, మొదటిసారి పెంచేవాళ్లకు అవి వద్దేవద్దు. మెక్సికన్ రెడ్‌నీ అనే రకం నెమ్మది, ఆడదైతే ఇరవై ఏళ్లు పైనే బతుకుతుంది. కానీ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కనుక కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

డబ్బా మార్చుకోవడానికి వచ్చేటప్పుడు సాలీడును అందులోనే పెట్టి బస్సెక్కకండి. సాలీడు ముందు ప్లాస్టిక్ గ్లాసు పడుకోబెట్టి, వెనక కాళ్లకు బ్రష్ తాకిస్తే అదే లోపలికి కదులుతుంది, గ్లాసు మూతికి అట్ట అడ్డం పెట్టండి. రెడ్‌నీ లాంటివి పొట్ట మీది నూగు విసురుతాయి, అది కంట్లో పడితే మంట, అందుకే మొహం దూరం పెట్టండి. కన్నాలున్న చిన్న డబ్బాలో తడి టిష్యూ వేసి ఇంట్లోనే నీడన ఉంచి రండి. ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకే షాపు.