పాత హబ్‌ను అప్పుడే పీకేయకు బిడ్డా

హన్మకొండ,
ఆదివారం

బిడ్డా,

నీ ఫ్లాట్‌లో కూడా హబ్, అదే బల్బులను, ప్లగ్గులను ఫోన్ యాప్‌తో కలిపి నడిపించే పరికరం, మారుస్తానని నిన్న అన్నావు కదా. ఫోన్‌లో చెప్తే ఊ ఊ అని సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. కొత్తది రాగానే పాతది పీకేయకు. నేను చేసిన తప్పు అదే.

సర్వర్లు మూసేస్తున్నామని పాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చినప్పుడే నాకు మండింది, మన హాల్లో బల్బు వెలగాలంటే ఎక్కడో వాళ్ల కంప్యూటర్ నడవాలా అని. ఆ కోపంలో కొత్తది అందిన రోజే పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టి సజ్జ మీదికి ఎక్కించాను. ఇక చూడు, కొత్త హబ్‌లో ఎంత వెతికినా ఒక్క బల్బూ కనిపించదు. మన బల్బుల్లాంటి జిగ్బీ పరికరం, అంటే వైఫైతో కాకుండా జిగ్బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతిలో హబ్‌తో మాట్లాడేది, ఒకసారి ఒక హబ్‌లో చేరిందంటే ఆ హబ్ ఇచ్చిన తాళంచెవినే పట్టుకుని కూర్చుంటుంది, ఆ హబ్ సజ్జ మీద పడి ఉన్నా సరే ఇంకోదాని మాట వినదు. టీసీ తీసుకోకుండా పిల్లను ఇంకో బడిలో కూర్చోబెట్టినట్టయింది నా పని. పాత యాప్‌లో ఒక్కోదాన్ని తొలగించి ఉంటే సులువుగా అయిపోయేది. అది చేయనందుకు పదకొండింటినీ చేత్తో రీసెట్ చేశాను. బల్బులకేమో స్విచ్ ఆరుసార్లు వేసి తీయాలి, తలుపు సెన్సర్‌కు సన్నని పిన్నుతో గుచ్చి పట్టుకోవాలి, స్విచ్‌బోర్డు వెనక ఉన్నదానికి మెయిన్ ఆపి ప్లేటు విప్పాలి. మీ అమ్మ రెండు గంటలు ఫ్యాన్ లేకుండా కూర్చుంది. ఏమందో రాయను.

రెండో తప్పు, ముందు గేటు సెన్సర్‌తో మొదలుపెట్టడం. బ్యాటరీతో నడిచేవి సిగ్నల్‌ను ఇంకోదానికి అందించవు, కరెంటు మీద ఉండే ప్లగ్గులు, బల్బులే ఒకదాని నుంచి ఒకటి అందుకుని దూరం దాకా మోస్తాయి. కాబట్టి హబ్‌కు దగ్గరున్న ప్లగ్గు ముందు, తర్వాత దాని పక్కది, అట్లా పోయి బ్యాటరీవి ఆఖర్న. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టి కలుపు, టేబుల్ మీద కలిపి తర్వాత మోసుకుపోకు. అయితే బల్బులను మరీ నమ్ముకోకు. మీ బాపమ్మ పడుకునే ముందు ప్రతి స్విచ్చూ ఆపేస్తుంది, బిల్లు భయం, దాంతో వరండా బల్బు ఆరిపోయి గేటు సెన్సర్ కూడా మాయం. అందుకే అక్కడ ఒక ప్లగ్గు పెట్టాను, దాన్ని ముట్టుకోవద్దని ఆమెకు దండం పెట్టి చెప్పాను.

హబ్‌ను వైఫై డబ్బాకు ఆనించి పెట్టకు, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే నడిచి ఒకదానికొకటి అడ్డొస్తాయి, నాది ఒక గజం జరిపాకే కుదురుకుంది. నీ దగ్గరున్న ఆ రెండు వైఫై ప్లగ్గులు మాత్రం మ్యాటర్‌వి కదా, వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయాలని 2022లో వచ్చిన పద్ధతి, వాటికి ఇంత తిప్పలు లేదు. ఒకేసారి పాతదాంట్లో, కొత్తదాంట్లో రెండు చోట్లా ఉండగలవు. ఆ ప్లగ్గుల డబ్బా మీది కోడ్ మళ్లీ పనిచేయదు, పాత యాప్‌లో షేర్ నొక్కి కొత్త కోడ్ తీసుకో.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ టైముకు ఏది వెలగాలి, ఏది ఆరాలి అని పాత యాప్‌లో రాసి పెట్టుకున్నవేవీ కొత్తదానికి రావు. ఒక్కోటి స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంచుకో. నేను తీయలేదు. సాయంత్రం లైట్లు, దేవుడి గది, అంతే అనుకున్నా. సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు బాపమ్మ కోసం నువ్వు బాత్రూం దారిలో లైటు పెట్టిపోయావని నాకేం తెలుసు? మూడు రాత్రులు ఆమె గోడ పట్టుకుని చీకట్లో పోయిందట, ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతూ, ఆ లైటు నన్ను గుర్తుపట్టడం మానేసింది ఏందిరా అని అడిగింది.

మళ్లీ పెట్టాను. 20 శాతం వెలుతురు ఇస్తే కళ్లల్లో కొడుతుందంటుంది, 5 ఇస్తే కనిపించదంటుంది. నువ్వు ఎంత పెట్టావో గుర్తుంటే రాత్రి లోపల మెసేజ్ పెట్టు.

మీ నాన్న