లంబసింగి టెంటు లోపల ఏముందో గేటు మీద రాయించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వలిసె పూలు విచ్చే నాటికి అరకు, లంబసింగి, వంజంగి దారుల్లో కార్లు బారులు తీరతాయి. వచ్చేవాళ్లలో చాలామందికి మామూలు లాడ్జి గది నచ్చదు. టెంటు కావాలి, చెట్టు మీద ఇల్లు కావాలి, చుట్టిల్లు కావాలి. రెండు రాత్రుల ముచ్చట, తప్పేం లేదు. కానీ బుక్ చేసేటప్పుడు ఫోన్లో కనిపించేది మబ్బుల పక్కన నారింజ రంగు టెంటు ఫొటో ఒక్కటే. అడుగున ఏం పరిచారో, మరుగుదొడ్డి ఎంత దూరమో తెలియకుండానే డబ్బు కట్టేస్తారు. ఇలాంటి బసలు కట్టే, నడిపే పని తెలిసినవాళ్లంగా మేం అడిగేది ఒక్కటే. ప్రతి బసకూ ఒక పేజీ వివరాల పత్రం తప్పనిసరి చేయండి. బుకింగ్ దగ్గరా గేటు దగ్గరా అదే కాగితం ఉండాలి, తెలుగులో.

అందులో ఏం రాయించాలో చెప్తాం. ముందు టెంటు సంగతి.

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన రాత్రులున్నాయి. ఆ ఊరిని కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరట. చలి పైనుంచి వస్తుందనుకుని నిర్వాహకులు కప్పుకోవడానికి మూడు రగ్గులిస్తారు. ఒంట్లో వేడిని గుంజేసేది మాత్రం నేల. కోసిన వరి మడిలో తడి ఆరకుండా టెంటు వేస్తే మరీ గుంజుతుంది. కింద పరిచిన రగ్గు ఒంటి బరువుకు అణిగిపోయి ఎందుకూ కొరగాదు. టార్పాలిన్, దాని మీద సెంటీమీటరు మందం ఫోమ్ షీటు, ఆపైన పరుపు ఉండాలి. మంచం వేశాం కదా అంటారు. మంచం కింద చల్లగాలి ఆడుతుంది, ఫోమ్ అక్కడా కావాలి. టెంట్లు పల్లంలో వేశారా, వాలు మీద వేశారా అన్నదీ ముఖ్యమే. రాత్రి చల్లగాలి బరువెక్కి నీళ్లలా పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది.

స్లీపింగ్ బ్యాగు ఇస్తే దాని చీటీ చూడాలి. సరైన బ్యాగు మీద మూడు అంకెలుంటాయి: హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత, ముడుచుకుని ఓర్చుకోగలిగే హద్దు, ప్రాణం నిలబడే హద్దు. ‘సున్నా డిగ్రీల బ్యాగు’ అని అమ్మేవాటిలో ఆ సున్నా మొదటిదే కానక్కర్లేదు, రెండోదో మూడోదో కావచ్చు. పత్రంలో మొదటి అంకే రాయాలి.

తెల్లవారుజామున నాలుగింటికి ‘టెంటు కారుతోంది’ అని గొడవ మొదలవుతుంది. వానా లేదు, చిల్లూ లేదు. లోపల పడుకున్నవాళ్ల ఊపిరే చల్లటి గుడ్డకు తగిలి బొట్లు కడుతుంది. మోచెయ్యి తగిలితే జలజలా ముఖం మీద రాలుతుంది. రెండు పొరల టెంటులో, పై వెంటిలేటరు తెరిచి ఉంచితే ఇది చాలావరకు తగ్గుతుంది. చలికి భయపడి అన్ని జిప్పులూ బిగిస్తే పెరుగుతుంది. ‘నలుగురి టెంటు’లో సామానుతో హాయిగా పట్టేది ఇద్దరే. నలుగురూ దూరితే ఇద్దరు గోడకానుకుని తడుస్తారు.

ఇక అసలు ప్రమాదం. క్యాంప్‌ఫైర్ ఆరాక మిగిలిన నిప్పుల్ని గమేళాలో వేసి టెంటులో పెట్టుకోవడం. పొగ లేదు కాబట్టి పర్వాలేదనుకుంటారు. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, అంతే. నిద్రలో ఉన్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు. కిటికీలేని బాత్రూంలో గ్యాస్ గీజరు పెట్టినా ఇదే ముప్పు. గీజరు బయటి గోడకు ఉండాలి. నిప్పులు లోపలికి తేకూడదన్న మాట పత్రంలో ఎర్ర అక్షరాల్లో, మొదటి వరుసలో ఉండాలి.

చుట్టిల్లు మన తీరప్రాంతపు తెలివి. గుండ్రటి గోడను గాలివాన ఒరుసుకుని పోతుంది, నేలకు దగ్గరగా దిగిన చూరు మట్టిగోడను తడవనివ్వదు. రిసార్టులవాళ్లు ఫొటో కోసం ఆ చూరునే కత్తిరిస్తున్నారు. దాంతో జల్లు కొట్టి గోడ అడుగు కరుగుతుంది. దాన్ని కాపాడాలని సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులూడుతుంది. మట్టిగోడకు మట్టి, పేడ పూతే మందు. ద్వారం ఎత్తెంతో రాయండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది అవసరం. తాటాకు కప్పుకు 30 అడుగుల లోపు మంట వద్దు. వైర్లు పైపులో రావాలి, విడిగా ఆకు మీదుగా కాదు.

‘ట్రీ హౌస్’ అన్నవాటిలో కొన్ని ఇనుప స్తంభాల మీద నిలబడ్డవే, చెట్టు అలంకారం. అదే భద్రం, కానీ ఆ మాట చెప్పాలి. నిజంగా చెట్టు మీదే కడితే మానుకు తీగ చుట్టి బిగించకూడదు. మాను లావెక్కే కొద్దీ తీగ బెరడులోకి దిగి చెట్టును చంపుతుంది. కటకటాల ఊచల మధ్య సందు పది సెంటీమీటర్లు దాటకూడదు. రాత్రి మరుగుదొడ్డికి నిచ్చెన దిగాలా అన్నదీ రాయాలి.

అన్ని బసలకూ మూడు ప్రశ్నలు చాలు. ఎన్ని టెంట్లకు ఒక మరుగుదొడ్డి? దాని గుంత బావికి, గెడ్డకు (వాగుకు) ఎంత దూరం? భూమి ఎవరిది? అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు దక్కకూడదు. ఎవరి పేరు చెప్పి ఎవరు నడుపుతున్నారో గ్రామసభకు తెలుసు. పత్రం మీద సర్పంచ్ సంతకం పెట్టిస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

కేంద్రం హోమ్‌స్టే పథకం యజమాని నివసించే ఇంట్లో ఒకటి నుంచి ఆరు గదుల కోసం రాసింది. గదే లేని టెంటుకు అది సరిపోదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక గోదావరి బోట్లకు కంట్రోల్ రూములు వచ్చాయి. టెంట్లకు కావాల్సింది ఒక్క కాగితం, అది కూడా ప్రమాదం జరగకముందే.

కార్తీకంలో జనం కొండెక్కడం మొదలవుతుంది. నమూనా పత్రం దసరాలోపు పాడేరు, చింతపల్లి, అరకు పంచాయతీలకు చేరేలా చూడండి. నమూనా రాయడానికి, సిబ్బందికి టెంటు విప్పి చూపించడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కొండ బసల పని తెలిసిన కొందరు