కార్యదర్శి వార్షిక నివేదిక, 2024-25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు నమస్కారం. రానివారికీ నమస్కారమే, నివేదిక వాట్సాప్ గ్రూపులో పెడతాం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, ఆ మాటలు మళ్లీ రాయను. వినాయక చవితి పందిరి ఎప్పటిలాగే మూడో వీధి మలుపులో వేశాం. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు పల్లెల నుంచి వచ్చిన భక్తులకు మజ్జిగ పంచాం. తెల్లవారుజామునే లేచి పెరుగు చిలికిన మొదటి వీధి ఆడపడుచులకు సంఘం రుణపడి ఉంటుంది. మెయిన్ రోడ్డు కాలువ పూడిక గురించి ఈ ఏడాది నాలుగు అర్జీలు ఇచ్చాం. నాలుగింటికీ రసీదులు ఉన్నాయి. పూడిక కూడా అలాగే ఉంది.

ఇక అసలు విషయం, నవంబరు 17 ఆదివారం పిల్లల యాత్ర. ప్రతి కార్తీకంలో వనభోజనాలకి రామతీర్థం వైపే పోతున్నాం. పెద్దలు పేకాటలో, ఆడవాళ్లు తంబోలాలో ఉంటే పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు. ఈసారి విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నౌకాదళం పాత విమానం టీయూ-142 చూపించి, దారిలోనే భోజనాలు పెట్టుకుందామని ప్రతిపాదించాను. 'భోగాపురంలో విమానాశ్రయమే వస్తుంటే ఎగరని విమానం చూడ్డానికి వైజాగ్ ఎందుకు?' అన్నారు ఒక పెద్దాయన. కార్తీక సోమవారం అయితే పుణ్యమని కొందరు, ఉపవాసం రోజు వనభోజనాలేమిటని ఇంకొందరు రెండు మీటింగులు వాదించుకున్నారు. మ్యూజియానికి సోమవారం సెలవని తేలాక ఆ గొడవ తీరింది.

46 మందిమి వెళ్లాం, అందులో 19 మంది పిల్లలు. ఏడింటికి బయల్దేరాల్సిన బస్సు ఎనిమిదీ పదికి కదిలింది. ఎవరి కోసం ఆగామో రాయను, వారికి తెలుసు. భీమిలి దాటాక జీడితోటలో ఆగాం. అక్కడ ఉసిరి చెట్టు లేకపోతే, ముందుచూపు గల మన ఉపాధ్యక్షులు ఇంటి నుంచి తెచ్చిన కొమ్మను పాతి పూజ కానిచ్చారు. కంద బచ్చలి, పులిహోర, పప్పుచారు. కందకి ఆవ కొంచెం ఎక్కువైంది.

విమానం దగ్గర బస్సు దిగేసరికి పిల్లలు ఒక్కసారి ఆగిపోయారు. 53 మీటర్ల పొడవు, అంటే మన వీధిలో ఆరిళ్లు. రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు ఫ్యాన్లు, ఎదురెదురు దిశల్లో తిరిగేవి. రెండో తరగతి చదివే ఒక బాబు రెక్కల కింద అటూ ఇటూ నడిచి ఫ్యాన్ల ఆకులన్నీ లెక్కపెట్టి 32 అన్నాడు. నాకు నమ్మకం కుదరక నేనూ లెక్కపెట్టాను. వాడిదే సరి.

1988లో నౌకాదళంలో చేరి, 29 ఏళ్లు ఒక్క ప్రమాదమూ లేకుండా 30 వేల గంటలు ఎగిరిన విమానాల దళం ఇది. 2017 మార్చిలో అరక్కోణంలో వీటికి వీడ్కోలు చెప్పారు. అందులో ఒకటి విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో దిగితే, ఊడదీసి రోడ్డు మీద తెచ్చి ఇక్కడ మళ్లీ బిగించారు. ఆ డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఊడదీసి బిగించారన్న మాటే పిల్లలకి అన్నిటికంటే నచ్చింది. 'స్క్రూలు మిగల్లేదా?' అని ఒక పాప అడిగింది.

లోపల ఇరుకు. ఇద్దరు చంటిపిల్లలు ఏడ్చారు, తల్లులు ఎత్తుకుని వెంటనే దిగిపోయారు. మూడేళ్ల లోపు వాళ్లకి భోజనాల తర్వాత నిద్ర వేళ, ఆ సంగతి ముందే ఆలోచించకపోవడం నా తప్పు. పెద్ద పిల్లలు సోనోబోయ్‌ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వాటిని సముద్రంలోకి జారవిడిచి, నీటిలోని చప్పుడును బట్టి జలాంతర్గామి జాడ తీసేవారట. వెతికే విమానం రోడ్డుకి ఇటు, దొరక్కూడని కుర్సురా జలాంతర్గామి రోడ్డుకి అటు ఇసుకలో. రెండూ సోవియట్ దేశంలో తయారైనవే. 'మరి దీనికి అది ఎప్పుడైనా దొరికిందా?' అని 32 లెక్కపెట్టిన బాబే అడిగాడు. రెండూ మనవేరా అన్నాం. వాడికి ఆ జవాబు సరిపోలేదు.

కుర్సురాలో అంతా చూపించేది నౌకాదళంలో చేసి రిటైరైనవారే. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన పడవ. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. పిల్లలు ఉడతల్లా దూరిపోయారు, కోశాధికారి గారికి నుదుటి మీద బొప్పి కట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. వాలంటీర్లుగా పన్నెండు మంది పేర్లు ఇచ్చారు, వచ్చింది నలుగురు. సముద్రం పక్కన 19 మంది పిల్లలకి నలుగురు! అందుకే వాళ్లని అలల దగ్గరికి పోనివ్వలేదు, ఆ విషయంలో పిల్లలు ఇప్పటికీ నామీద కోపంగా ఉన్నారు. రాని ఎనిమిది మందిలో ముగ్గురు గ్రూపులో ఫొటోలకి బొటనవేలు గుర్తులు పెట్టారు. కైలాసగిరి కూడా అనుకున్నాం గానీ పిల్లలు అలసిపోవడంతో మానుకున్నాం. అదే మంచిదైంది, వెనక్కి వచ్చేటప్పుడు ఆనందపురం రాకముందే బస్సంతా నిద్ర.

జమాఖర్చులు కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి. యాత్రలో 3,240 రూపాయలు తక్కువపడితే సంఘం నిధి నుంచి సర్దాం. చందా బకాయిలు వస్తే అది కూడా పూడుతుంది.

బస్సు బేరం చేసిన రిటైర్డ్ హెడ్మాస్టారు గారికి, వంట చూసుకున్న రెండో వీధి అక్కలకి, వాంతులు చేసుకున్న పిల్లల్ని విసుక్కోకుండా చూసిన నర్సమ్మ గారికి, వచ్చిన ఆ నలుగురికి పేరుపేరునా కృతజ్ఞతలు. బస్సులో చిన్న ఎర్ర చెప్పు ఒకటి దొరికింది, ఎడమ కాలిది. నవంబరు నుంచి మా ఇంట్లోనే ఉంది. ఎవరిదో చూసుకుని తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి